రెండు సంఖ్యల చిరునామా

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి కార్యదర్శిగారు చెప్పవలసినదంతా చెప్పారు. భోజనాల లోపు ఏదైనా నాలుగు మంచి ముక్కలు చెప్పమని నన్ను ఆదేశించారు. నేను ముప్పై యేళ్ళకు పైగా సర్వే ఉద్యోగం చేసినవాణ్ణి. నాకు తెలిసింది గొలుసు, రాయి, ప్లాను. కాబట్టి ఒక చోటును గుర్తుపట్టడం ఎలా అన్న విషయమే మాట్లాడతాను. అక్షాంశాలు, రేఖాంశాలు మనమంతా ఆరో తరగతిలో చదువుకుని పరీక్ష కాగానే మరచిపోయిన పాఠం. ఈ వయస్సులో దానితో పనేమిటని మీరనవచ్చు. ఈ వయస్సులోనే పని ఎక్కువ అని నా మనవి. ఎందుకో వరుసగా చెబుతాను.

మా ఉద్యోగంలో పొలం హద్దు ఎలా చెప్పేవాళ్ళం? ఫలానా సర్వే రాయి నుంచి ఫలానా రాయికి ఇన్ని గొలుసులు, ఇన్ని లింకులు అని. గొలుసు అంటే 66 అడుగులు, నూరు లింకులు. ఆంధ్ర ప్రాంతంలో ఎఫ్.ఎం.బి. అన్నా, తెలంగాణలో టిప్పన్ అన్నా, అందులో ఉన్నది రాళ్ళ మధ్య కొలతలే. రాళ్ళు ఉన్నంతవరకు ఆ పద్ధతికి తిరుగులేదు. కాని లంక గ్రామాల్లో వరద వచ్చి రాయి కొట్టుకుపోతేనో, రోడ్డు పనిలో బుల్డోజరు పెకలించేస్తేనో చూడాలి తమాషా! ఇద్దరు అన్నదమ్ములు, ముగ్గురు పెద్దమనుషులు, నాలుగేళ్ళ కోర్టు వాయిదాలు.

మన ఇంటి చిరునామా కూడా అంతే. రామాలయం వెనక వీధి, నీళ్ళ ట్యాంకు ఎదురుగా, కిరాణా కొట్టు పక్క సందు. ట్యాంకు పడగొట్టారంటే చిరునామా పోయినట్లే. చుట్టూ ఉన్నదేదీ ఆధారం కాకుండా, భూమినే ఆధారం చేసుకుని చోటు చెప్పే పద్ధతి ఒక్కటే ఉంది. అదే అక్షాంశం, రేఖాంశం. ఈ చిరునామాను వరద తీసుకుపోలేదు, మునిసిపాలిటీ మార్చలేదు.

ముందు బొమ్మ కళ్ళకు కట్టాలి. ఇక్కడున్న ఆడపడుచులకు నాకంటె బాగా తెలుస్తుంది. ఉల్లిపాయను అడ్డంగా చక్రాల్లా తరుగుతారు కదా? నడిమి చక్రం పెద్దది, చివరలకు పోయేకొద్దీ చిన్నవి. అవి అక్షాంశాలు. నడిమి చక్రం భూమధ్యరేఖ, దానికి సున్న. అక్కడినుంచి ఉత్తర ధ్రువం దాకా 90 డిగ్రీలు, దక్షిణ ధ్రువం దాకా 90 డిగ్రీలు. ఇక బత్తాయి ఒలిచి చూడండి. తొనలన్నీ పైన ఒకచోట, కింద ఒకచోట కలుస్తాయి. తొనకూ తొనకూ మధ్య గీతలే రేఖాంశాలు. అవి తూర్పుకు 180, పడమరకు 180 డిగ్రీలు. ఫలానా చక్రం, ఫలానా గీత కలిసే చోటు అంటే భూమి మీద ఒకే ఒక్క చోటు.

ఒక అక్షాంశ డిగ్రీ అంటే ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశ డిగ్రీ అలా కాదు. బత్తాయి తొన నడుమ లావు, చివర సన్నం. భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లు ఉన్నది మన హైదరాబాదు దగ్గర 106, లండను దగ్గర 69 కిలోమీటర్లే. ధ్రువం దగ్గర ఏమీ ఉండదు.

ఈ రెండింటిలో అక్షాంశం ప్రకృతి మనకు ఉచితంగా ఇచ్చింది. ఉత్తరాన ధ్రువనక్షత్రం దిగంతానికి ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తుందో, మన అక్షాంశం ఇంచుమించు అంతే. ఒక డిగ్రీకి లోపే తేడా. కొలవడానికి పరికరం అక్కర లేదు. చేయి బారుగా చాచి పిడికిలి పట్టండి. పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు, మూడు వేళ్ళ వెడల్పు 5 డిగ్రీలు, చిటికెన వేలు ఒక డిగ్రీ. హైదరాబాదు 17 డిగ్రీల పైచిలుకు గనుక పిడికిలి, దానిపైన మూడు వేళ్ళు, ఇంకో రెండు చిటికెన వేళ్ళు. తిరుపతి 13 డిగ్రీలు దాటి ఉంటుంది కనుక అక్కడ నక్షత్రం ఇంకా కిందికి ఉంటుంది. న్యూజెర్సీలో మీ అమ్మాయి ఇంటి పెరట్లో నాలుగు పిడికిళ్ళు. సిడ్నీలో అబ్బాయి ఉంటే వెతకమని చెప్పకండి. భూమధ్యరేఖకు ఆవల ధ్రువనక్షత్రం దిగంతం కిందికి పోతుంది.

ఇంకో సరదా పరీక్ష ఉంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలువు కర్రకు నీడ లేకుండా పోయే రోజు మన ప్రాంతాలకు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. హైదరాబాదుకు అది మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో. సెలవులకు వచ్చిన మనవల చేత డాబా మీద ఒక సీసా నిలబెట్టించి చూపించండి. ఆ రోజు సూర్యుడున్న అక్షాంశం, మన అక్షాంశం ఒకటే అన్నమాట.

రేఖాంశం సంగతి వేరు. తూర్పు పడమరలకు ధ్రువనక్షత్రం వంటి గుర్తు ఆకాశంలో లేదు. సున్న ఎక్కడ పెట్టాలో కూడా ప్రకృతి చెప్పలేదు, మనుషులే కూర్చుని ఒప్పుకోవాలి. మన సిద్ధాంతకర్తలు ఉజ్జయిని మీదుగా పోయే గీతను సున్న అన్నారు. ఫ్రెంచివాళ్ళు పారిస్ అన్నారు. చివరికి 1884లో వాషింగ్టనులో 25 దేశాల ప్రతినిధులు కూడి గ్రీనిచ్ గీతను ఒప్పుకున్నారు. ఫ్రాన్సు ఓటు వెయ్యలేదు; 1911 దాకా పారిస్ కాలాన్ని వదలలేదు.

సున్న కుదిరినా కొలత ఎలా? ఇక్కడే అసలు కిటుకు ఉంది. రేఖాంశం అంటే కాలం. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు. శ్రీకాకుళానికి, హైదరాబాదుకు సుమారు అయిదున్నర డిగ్రీల తేడా. అంటే హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం కావడానికి ఇంచుమించు 22 నిమిషాల ముందే శ్రీకాకుళంలో అవుతుంది. రెండు ఊళ్ళలో ఒకే క్షణాన స్థానిక కాలం ఎంతో తెలిస్తే, మధ్య రేఖాంశాల తేడా తెలిసినట్లే.

ఆ 'ఒకే క్షణం' పట్టుకోవడమే కష్టం. మన సూర్యసిద్ధాంతం దానికి చంద్రగ్రహణాన్ని ఉపయోగించుకోమంటుంది. చంద్రుడి మీద నీడ పడటం అన్ని ఊళ్ళవారికీ ఒకే క్షణంలో కనిపిస్తుంది గనుక, ఏ ఊళ్ళో ఎన్ని ఘడియలకు కనిపించిందో చూసి దేశాంతరం కట్టవచ్చు. ఎంత మంచి ఊహ! కాని సముద్రం మధ్యలో ఉన్న ఓడ గ్రహణం కోసం ఆరు నెలలు ఆగలేదు కదా.

ఆగలేక ఏం జరిగిందో చూడండి. 1707 అక్టోబరులో ఇంగ్లండు నౌకాదళం తామెక్కడున్నదీ సరిగా తెలియక సిల్లీ దీవుల రాళ్ళకు కొట్టుకుంది. నాలుగు ఓడలు, వెయ్యిమందికి పైగా నావికులు, వారితో పాటు నౌకాధిపతి షవెల్ సముద్రం పాలయ్యారు. 1714లో అక్కడి పార్లమెంటు, సముద్రం మీద రేఖాంశాన్ని అర డిగ్రీ లోపు తేడాతో చెప్పగలిగే ఉపాయానికి 20,000 పౌన్ల బహుమతి పెట్టింది. పండితులు చంద్రుణ్ణీ నక్షత్రాలనూ పట్టుకుని కుస్తీ పడుతుంటే, వడ్రంగం నేర్చిన జాన్ హారిసన్ గడియారం చేస్తానన్నాడు. ఓడ ఊగినా, ఎండ కాసినా, మంచు కురిసినా తప్పని గడియారం. దాన్ని బయలుదేరిన ఊరి కాలానికి పెట్టుకుని, ఓడ మీద మధ్యాహ్నం అయినప్పుడు చూస్తే తేడా తెలుస్తుంది. ఆయన నాలుగో గడియారం 1761లో జమైకా ప్రయాణానికి బయలుదేరి పరీక్షకు నిలిచింది. అయినా కమిటీలు, కొర్రీలు, మళ్ళీ పరీక్షలు. మిగిలిన సొమ్ము చేతికందేసరికి 1773 వచ్చింది, ఆయనకు 80 ఏళ్ళు. బకాయిల కోసం ఎదురుచూడటం మనతోనే మొదలు కాలేదని ఈ సభకు మనవి చేస్తున్నాను.

మన దక్షిణాదికి కూడా ఈ కథలో పెద్ద భాగమే ఉంది. 1792లో మద్రాసులో ఖగోళ పరిశీలనశాల కట్టారు. అక్కడి కాలమే మద్రాసు కాలం. గ్రీనిచ్‌కు 5 గంటల 21 నిమిషాలు ముందు. రైళ్ళు చాలాకాలం ఆ కాలాన్ని బట్టే నడిచాయి. 1802లో లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర భూమి మీద ఒక గీతను ఓపికగా కొలిచి, దాని మీద త్రిభుజం, ఆ త్రిభుజం మీద మరో త్రిభుజం అల్లుకుంటూ దేశమంతా కొలిచే పనికి శ్రీకారం చుట్టాడు. మాకు శిక్షణలో చెప్పిన మొదటి కథ అదే. 1906 జనవరి 1 నుంచి దేశానికంతటికీ ఒకే కాలం వచ్చింది. దానికి ఆధారం 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం. ఎక్కడో ఉత్తరాన మీర్జాపూరు దగ్గర ఉందని చదువుకున్నాం గాని, అదే గీత మన కాకినాడకు తూర్పుగా, తునికి కొద్ది కిలోమీటర్ల పడమరగా వచ్చి సముద్రంలో దిగుతుంది. రైల్లో తుని దాటేటప్పుడు ఇకనుంచి గుర్తు చేసుకోండి. మన చేతి గడియారం నిజానికి అక్కడి కాలం చూపిస్తుంది.

ఇందులోనే అమెరికా లెక్క కూడా ఉంది. న్యూజెర్సీ గడియారానికి ఆధారం పడమటి 75 డిగ్రీల గీత. మన 82న్నర, వాళ్ళ 75 కూడితే 157న్నర. పదిహేనుతో భాగిస్తే పదిన్నర గంటలు. చలికాలంలో మనకూ వాళ్ళకూ అదే తేడా. వేసవిలో వాళ్ళు గడియారం గంట ముందుకు జరుపుకుంటారు గనుక తొమ్మిదిన్నర. అర్ధరాత్రి ఫోను చేసి అల్లుణ్ణి నిద్ర లేపకుండా ఈ లెక్క పనికివస్తుంది.

ఇక నేటి కాలానికి వద్దాం. మీ చొక్కా జేబులో ఉన్న ఫోను కూడా హారిసన్ పనే చేస్తోంది. జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, ఒక్కొక్కటీ తన అణు గడియారం కాలాన్ని రేడియో సంకేతంగా పంపుతుంటుంది. ఆ సంకేతం ఎంతసేపటికి చేరిందో చూసి ఎంత దూరంలో ఉందో ఫోను లెక్క కడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు దొరికితే మనమున్న చోటు తేలుతుంది. సెకనులో పది లక్షలవ వంతు తేడా వస్తే 300 మీటర్ల తప్పు. మన ఇస్రో కూడా నావిక్ పేరుతో ఇటువంటి ఏర్పాటు చేసింది. గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఉపగ్రహం చెబుతుంది, ఫోను వింటుంది, అంతే. నెట్ లేకపోయినా, టవరు అందకపోయినా చోటు తెలుస్తుంది. కాని తెలిసిన చోటును ఇంకొకరికి చెప్పాలంటే మాత్రం టవరు కావాలి. శ్లాబు కింద కంటె వాకిట్లో నిలబడి చూస్తే సరిగా వస్తుంది.

ఇక్కడినుంచి కాస్త శ్రద్ధగా వినమని ప్రార్థన. సంఖ్యలు తెలియడం వేరు, సరిగా చదివి చెప్పడం వేరు. చార్మినారునే తీసుకుందాం. ఫోనులో 17.3616, 78.4747 అని వస్తుంది. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. మూడు విషయాలు జ్ఞాపకం పెట్టుకోండి.

మొదటిది, వరుస తప్పకూడదు. ఇవే రెండు సంఖ్యలు తారుమారు చేస్తే ఎక్కడికి పోతామో తెలుసా? ఉత్తర ధ్రువానికి దగ్గరగా నార్వేవారి స్వాల్‌బార్డ్ మంచు దీవులకు! మనకు సులువైన గుర్తు ఒకటి ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అక్షాంశం 12కూ 20కీ మధ్య, రేఖాంశం 76కూ 85కూ మధ్య ఉంటుంది. చిన్నది ముందు, పెద్దది తరువాత. అమెరికా సంఖ్యల్లో రేఖాంశానికి ముందు మైనస్ గుర్తు ఉంటుంది, పడమర అని అర్థం. ఆ గీత మరచిపోతే న్యూజెర్సీ వెళ్ళవలసినవాళ్ళం చైనా, కిర్గిజ్‌స్తాన్ సరిహద్దు కొండల్లో తేలతాం.

రెండోది, దశాంశాలు వేరు, నిమిషాలు వేరు. పంచాంగం చూసేవారికి భాగలు, కళలు, వికళలు తెలుసు. డిగ్రీకి 60 కళలు, కళకు 60 వికళలు. వీటినే నిమిషాలు, సెకనులు అంటున్నాం. చార్మినారును ఈ పద్ధతిలో రాస్తే 17 డిగ్రీల 21 నిమిషాల 42 సెకనులు ఉత్తరం, 78 డిగ్రీల 28 నిమిషాల 29 సెకనులు తూర్పు. ఈ 17 డిగ్రీల 21 నిమిషాలను ఎవరైనా తొందరలో 17.21 అని రాస్తే పదిహేను కిలోమీటర్లకు పైగా దక్షిణానికి పోయినట్లే. ఎందుకంటే 21 నిమిషాలంటే డిగ్రీలో 0.35 వంతు, 0.21 కాదు. నిమిషాలను 60తో భాగించాకే చుక్క పెట్టాలి.

మూడోది, చుక్క తరువాత ఎన్ని అంకెలు అన్నది. రెండు అంకెలు చెబితే కిలోమీటరు దాకా తేడా రావచ్చు. అంటే కాలనీ దొరుకుతుంది గాని ఇల్లు దొరకదు. మూడు అంకెలకు 110 మీటర్లు, వీధి. నాలుగు అంకెలకు 11 మీటర్లు, మన గేటు. అయిదో అంకెకు మీటరు. కాబట్టి నాలుగు అంకెలు తగ్గకుండా చెప్పాలి.

ఇదంతా ఎందుకంటే, మనలో చాలామందిమి రిటైరయ్యాక ఊరి చివర కొత్త లేఅవుట్లలో ఇల్లు కట్టుకున్నాం. ఇంటి నెంబర్లు వరుసలో ఉండవు, వీధికి పేరు ఉండదు. పిల్లలు దూరాన ఉంటారు. రాత్రి రెండు గంటలకు మనకో, మన ఇంటావిడకో గుండెల్లో నొప్పి వస్తే 108కు ఫోను చేస్తాం. బండి ప్రధాన రోడ్డు దాకా వచ్చి ఎటు తిరగాలని అడుగుతుంది. గాభరాలో ఉన్న మనిషి దారి చెప్పలేడు. ఊరి పేరు, కాలనీ పేరు, పక్కనున్న గుర్తు చెప్పి, ఆపైన ఈ రెండు సంఖ్యలు చదివి వినిపించినా, డ్రైవరు ఫోనుకు పంపించినా ఆయన మ్యాపులో వేసుకుని నేరుగా గుమ్మం ముందుకు వస్తాడు. అక్కడ పోయే పది నిమిషాలు ఎంత విలువైనవో ఈ సభలో చాలామందికి నేను చెప్పనక్కర లేదు.

మన తీరప్రాంతం వారికి ఇంకో ఉపయోగం. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ మనం మరచిపోలేనివి. వాతావరణ శాఖ ప్రకటనల్లో తుపాను కేంద్రం అక్షాంశం, రేఖాంశం ఇస్తారు. కేంద్రం 14.5 ఉత్తరం, 83.0 తూర్పున ఉందన్నారనుకోండి. మచిలీపట్నం సుమారు 16.2, 81.1. అంటే తుపాను మనకు 1.7 డిగ్రీలు దక్షిణంగా, 1.9 డిగ్రీలు తూర్పుగా, మొత్తం మీద 275 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఆగ్నేయంలో ఉంది. మనవడి అట్లాసులో ప్రతి ప్రకటనకూ ఒక చుక్క పెట్టుకుంటూ పోతే అది ఎటు నడుస్తోందో మనకే కనిపిస్తుంది. పుకార్లు నమ్మనక్కర లేదు. చుక్కలు మన వైపు రాకపోయినా అధికారులు ఖాళీ చేయమంటే మాత్రం చేయాలి.

భూమి కాగితాల్లోకి కూడా ఈ సంఖ్యలు వచ్చేశాయి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వేలో ఉపగ్రహాల సాయంతోనే హద్దులు కొలిచారు. కేంద్రం తెచ్చిన భూ ఆధార్ సంఖ్యకు 14 స్థానాలు. దానికి మూలం ఆ భూమి మూలల అక్షాంశ రేఖాంశాలే. పిల్లలకు రాసి ఇచ్చే స్థలం కాగితం మీద ఇటువంటి సంఖ్యలుంటే, అవి మన స్థలానివేనా అని ఒకసారి ఫోనులో వేసి చూసుకోవడం మంచిది. హద్దు తగవు తీర్చడానికి ఫోను చాలదు, సర్వేయరే రావాలి. స్థలం ఏ మూలనుందో తెలుసుకోవడానికి మాత్రం చాలును. తపాలా శాఖవారు హైదరాబాదు ఐ.ఐ.టి., ఇస్రోకు చెందిన జాతీయ దూర సంవేదన కేంద్రంతో కలిసి 2025 మే నెలలో డిజిపిన్ తెచ్చారు. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల చదరాలుగా విడగొట్టి, ఒక్కొక్కదానికి పది అక్షరాలు, అంకెల గుర్తు ఇచ్చారు. 1972లో వచ్చిన పిన్‌కోడ్ పోస్టాఫీసు దాకా తెస్తే, ఇది గుమ్మం దాకా తెస్తుంది. దాని లోపల ఉన్నవీ ఈ రెండు సంఖ్యలే.

ఒక చిన్న హెచ్చరిక. ఇంటి తాళం లాగే ఇదీ. మనవాళ్ళకు, అవసరమున్నవారికి ఇవ్వాలి గాని, ఎవరో బ్యాంకు నుంచి అంటూ ఫోను చేసి మీరెక్కడున్నారో పంపమంటే పంపకండి.

ఇక నా కోరిక ఒక్కటే. ఈ రోజు ఇంటికి వెళ్ళగానే, వాకిట్లో నిలబడి ఫోను మ్యాపులో మీ ఇంటి మీద వేలు కాసేపు నొక్కి పట్టండి. రెండు సంఖ్యలు వస్తాయి. చేత కాకపోతే పక్కింటి కుర్రవాణ్ణి పిలవండి, నిమిషంలో చూపిస్తాడు. వాటిని నాలుగు దశాంశాల దాకా పెద్ద అక్షరాలతో ఒక అట్టముక్క మీద రాయండి. కింద డాక్టరుగారి నెంబరు, 108, ఒక పొరుగువారి నెంబరు రాయండి. పెన్షను పుస్తకంలో దాచకండి, తలుపు వెనక అంటించండి. పిల్లలకు కూడా ఒక ప్రతి పంపండి. ఎన్ని వేల మైళ్ళ దూరాన ఉన్నా వాళ్ళు అక్కడినుంచే బండిని మన గుమ్మానికి పంపగలుగుతారు.